పిల్లల కథలో తాతయ్య ఎక్కువైపోయాడట. అసలు వీళ్ళకేం కావాలి?

కాగితంపడవ
మూడు నెలలు ఎదురుచూశాక నిన్న రాత్రి ఒక ప్రచురణ సంస్థ నుంచి జవాబు వచ్చింది. పేరెందుకు లెండి. కథ తిరిగొచ్చింది. తిరిగి రావడం నాకు కొత్త కాదు, ఇది నాలుగోసారి, కానీ ఇదివరకు ముగ్గురూ మర్యాదగా "ప్రస్తుతం తీసుకోలేకపోతున్నాం" అని ఊరుకున్నారు. ఈ ఎడిటర్ గారు మాత్రం ఇంకో రెండు వాక్యాలు రాశారు. "ఇది ఏ వయసు పిల్లల కోసమో తెలియడం లేదు. కష్టం పాపది, తీర్చింది తాతయ్య, కాబట్టి ఇది తాతయ్య కథ." అప్పటి నుంచి నిద్ర లేదు.

కథ ఇదీ. చిన్ని అనే పాపకి చీకటంటే భయం. టార్చిలైటు పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. ఒక రాత్రి అందులో బ్యాటరీ అయిపోతుంది. ఏడుస్తుంది. తాతయ్య వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుని భూమి తిరగడం గురించి, నక్షత్రాల గురించి, గుడ్లగూబ కళ్ళ గురించి చెప్పి, భయం చీకట్లో ఉండదమ్మా, మన మనసులో ఉంటుంది అంటాడు. పాప నవ్వి పడుకుంటుంది. మొత్తం 2800 మాటలు. 4 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలెవరైనా చదవొచ్చని ఉత్తరంలో రాశాను.

మా పాపకి 11 సార్లు చదివి వినిపించాను, 11 సార్లూ బాగుందంది. మా ఆఫీసులో నలుగురు చదివి కళ్ళు తుడుచుకున్నారు. మరి తాతయ్య ఉంటే తప్పేంటండీ? తాతయ్యలు కథలు చెప్పకూడదా?

మూడోబెంచి
4 నుంచి 12 దాకా అంటే, నడక నేర్చుకునేవాడి దగ్గర్నుంచి సైకిల్ తొక్కేవాడి దాకా అందరికీ ఒకే సైజు చెప్పులు కుట్టినట్టుంది. సారీ, ఆపుకోలేకపోయాను.

నిద్రపోనిఅమ్మ
ఆఫీసులో కళ్ళు తుడుచుకున్న నలుగురి వయసు ఎంతో చెప్పగలరా 😀

కాగితంపడవ
@నిద్రపోనిఅమ్మ అందరూ నలభై దాటినవాళ్ళే. ఎటు లాగుతున్నారో అర్థమైంది.

వేళ్ళకిసిరా
మూడోబెంచి వెటకారంగా అన్నాడు గానీ విషయం అదే. నేను పదేళ్ళుగా పిల్లల పుస్తకాలకి ఎడిటింగ్ చేస్తున్నాను, వయసు రాయని కథ వస్తే కాసేపు ఊహిస్తాం, "అందరికీ" అని రాసిన కథ వస్తే మాత్రం నీరసం వస్తుంది.

నాలుగేళ్ళ పాప చదవదు, వింటుంది. చదివేది పెద్దవాళ్ళు, అదీ నిద్ర ముంచుకొస్తున్న వేళ, నిన్న చదివిందే ఇవాళ మళ్ళీ. కాబట్టి ఆ కథ నోటికి బాగుండాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెప్పాలి. ఆరేడేళ్ళ పిల్ల తనే కూడబలుక్కుని చదువుతుంది. ఒత్తు వచ్చిన చోట ఆగుతుంది, వాక్యం పొడుగైతే చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చిన్నపిల్లలకి తేలిక మాటలు, పెద్దపిల్లలకి కష్టం మాటలు అనుకుంటారు. అలా కాదు. వినే నాలుగేళ్ళ పిల్లకి "నక్షత్రం" అన్నా "మిణుకుమిణుకు" అన్నా ఇబ్బంది లేదు, చెవికి నచ్చితే చాలు, అర్థం తర్వాత అడుగుతుంది. సొంతంగా చదివే ఆరేళ్ళ పిల్లకి అదే "నక్షత్రం" ఒక కొండ. అంటే కొన్నిసార్లు చిన్నపిల్లల పుస్తకంలోనే మాటలు కష్టంగా ఉండొచ్చు.

ఇక తొమ్మిది నుంచి పన్నెండు. వాళ్ళకి స్నేహితులు, రహస్యాలు, "నాకు అన్యాయం జరిగింది" అనే బాధ. పిల్లలు తమకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళ గురించి చదవడానికి ఇష్టపడతారు, చిన్నవాళ్ళ గురించి చదవమంటే చిన్నతనంగా ఫీలవుతారు. మీ చిన్ని టార్చి పట్టుకుని పడుకునే పాప కదా, పదేళ్ళ పిల్లాడు ఆ పుస్తకాన్ని నలుగురిలో పట్టుకోను కూడా పట్టుకోడు. పైగా భూమి తిరగడం వాడు ఎప్పుడో చదివేశాడు.

ఇంగ్లీషులో బొమ్మల పుస్తకం అంటే ఇప్పుడు 500 మాటల దగ్గర ఉంటుంది, 1000 దాటితే ఎక్కువ అంటారు. 8 నుంచి 12 ఏళ్ళవాళ్ళ నవల 25 వేల నుంచి 50 వేల దాకా పోతుంది. ఈ లెక్క తెలుగుకి నేరుగా వాడకండి. మనకి విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి, వాళ్ళు నాలుగు మాటల్లో చెప్పేది మనం రెండు మాటల్లో చెప్పేస్తాం, కాబట్టి తెలుగులో 500 మాటలంటేనే చాలా పెద్దది. మీ 2800 అటు బొమ్మల పుస్తకమూ కాదు, ఇటు అధ్యాయాలున్న పుస్తకమూ కాదు.

రాతిపలక
నాకు ఈ వయసుల పంపకం ఎప్పుడూ నచ్చలేదు. ఇవి షాపులో అరల కోసం పుట్టిన లెక్కలు. కథ చెప్పేటప్పుడు వింటున్నవాళ్ళలో మూడేళ్ళవాడు ఉంటాడు, ముప్పై ఏళ్ళవాడూ ఉంటాడు, ఎవరికి అందింది వాళ్ళు తీసుకుంటారు. నీ వయసు ఇంత, నీకు ఇంతే అర్థమవుతుంది అని ముందే గిరి గీయడం పిల్లల్ని తక్కువ చేయడమే.

వేళ్ళకిసిరా
@రాతిపలక నోటితో చెప్పేటప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఎదురుగా మొహాలు కనిపిస్తాయి, మూడేళ్ళవాడు కదిలితే మీరు గొంతు మారుస్తారు, విసుగొస్తే ఒక ముక్క మింగేస్తారు. అచ్చేసిన పుస్తకం అలా సర్దుకోలేదు.

రాతిపలక
అది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

మూడోబెంచి
రాతిపలక గారు సగం ఒప్పుకోవడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

బొమ్మలబాబాయి
నా గోడు వినండి. బొమ్మలు వేసేవాడిగా చెప్తున్నాను. పడవ గారి కథ నా చేతికొస్తే ఏం వేయాలి? పాప ఏడుస్తోంది, ఒక బొమ్మ. తాతయ్య ఒళ్ళో పాప, ఇంకో బొమ్మ. తర్వాత? తాతయ్య మాట్లాడుతున్నాడు. ఇంకా మాట్లాడుతున్నాడు. తాతయ్య తల కుడివైపు నుంచి, తాతయ్య తల ఎడమవైపు నుంచి. గుడ్లగూబ వచ్చినప్పుడు నాకు కాస్త ఊపిరాడుతుంది, అంతే.

బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఎందుకుంటుందో చాలామంది రచయితలకి తెలీదు. పెద్ద షీటు మీద అచ్చేసి మడతపెడతారు, ఒక్కో మడత సాధారణంగా 16 పేజీలు, అలాంటివి రెండు కలిపితే 32. లోపలి టైటిలు, కాపీరైటు వగైరా పోను కథకి మిగిలేది ఓ 12 నుంచి 14 జంట పేజీలు. అంటే పాప పన్నెండు పద్నాలుగు సార్లు పేజీ తిప్పుతుంది. తిప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి. చోటు మారాలి, లేదా ఎవరో రావాలి, లేదా ఉన్నది పోవాలి.

పంపేముందు ఒక పని చేయండి. ఎనిమిది కాగితాలు తీసుకుని మధ్యకి మడిచి కుట్టండి, 32 పేజీలు వస్తాయి. మీ కథని కత్తిరించి అందులో అతికించండి. ఎక్కడ మూడు పేజీలు వరసగా ఒకే గదిలో ఒకే మనిషి మాట్లాడుతుంటాడో మీ కంటికే కనిపిస్తుంది. నాకు చెప్పే పని తప్పుతుంది.

ఇంకోటి. పాప గౌను రంగు, కర్టెన్ రంగు, జడకి కట్టిన రిబ్బన్ రంగు రాయకండి. కథకి దాంతో పని ఉంటే రాయండి, లేకపోతే అది నా పని. "నీలం గౌను వేసుకున్న చిన్ని" అని మీరు రాసి, పక్కనే నేను నీలం గౌనులో చిన్నిని వేస్తే ఆ పేజీలో ఇద్దరం ఒకే ముక్క రెండుసార్లు చెప్పినట్టు. మీరు "చిన్నికి అస్సలు భయం లేదు" అని రాయండి, నేను దుప్పట్లోంచి రెండు కళ్ళు మాత్రం కనిపించేలా వేస్తాను. చదవడం రాని పాప బొమ్మ చూసి, చదివే పెద్దమనిషి కన్నా ముందే నవ్వుతుంది.

ఉడతసాయం
కొత్తగా చేరాను. బాబాయి గారూ, అయితే కథతో పాటు బొమ్మలు కూడా వేయించి పంపాలా? నేను తెలిసినవాళ్ళ అబ్బాయితో ఆరు వేయించాను, డబ్బు కూడా ఇచ్చేశాను.

బొమ్మలబాబాయి
@ఉడతసాయం అయ్యో. మీరు రచయిత అయితే, పబ్లిషర్‌కి పంపేటప్పుడు మామూలుగా బొమ్మలు అక్కర్లేదు. ఎవరితో వేయించాలన్నది వాళ్ళే చూసుకుంటారు. కథ నచ్చి బొమ్మలు నచ్చకపోతే రెండూ కలిపి వెనక్కొచ్చే ప్రమాదం ఉంది. మీరే రాసి మీరే వేస్తే అది వేరే సంగతి.

ఉడతసాయం
ఇంకో సంస్థ వాళ్ళు రెండు రోజుల్లోనే జవాబిచ్చారు, నా కథ అద్భుతం అన్నారు, అచ్చు ఖర్చు నేను పెట్టుకోవాలట. తీసుకోవచ్చా?

వేళ్ళకిసిరా
రెండు రోజుల్లో అద్భుతం అన్నవాళ్ళు కథ చదివి ఉండరు. డబ్బు పబ్లిషర్ నుంచి రచయిత వైపు రావాలి. సొంతంగా అచ్చేసుకోవడం తప్పేం కాదు, ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన పీటర్ రాబిట్ అనే కుందేలు కథని చాలామంది పబ్లిషర్లు కాదంటే 1901లో సొంత ఖర్చుతో 250 కాపీలు వేయించుకుంది, మరుసటి ఏడాది ఒక పబ్లిషరే వేశాడు. కానీ ఆవిడకి తను ఏం చేస్తోందో తెలుసు, కాపీలు ఆవిడవే, లెక్క ఆవిడదే. మీ దగ్గర డబ్బు తీసుకుని "మేం మిమ్మల్ని ఎంపిక చేశాం" అనేవాళ్ళ సంగతి వేరు. సంతకం పెట్టేముందు హక్కులు ఎవరివో, మిగిలిన కాపీలు ఎవరివో అడగండి. గొంతు మారితే వదిలేయండి.

నిద్రపోనిఅమ్మ
ఆ పాటర్ కథ అసలు పుస్తకంగా పుట్టలేదు కదా. 1893లో జబ్బుపడిన ఒక ఐదేళ్ళ పిల్లాడికి రాసిన బొమ్మల ఉత్తరం. పడవ గారూ, ఎడిటర్ "ఏ వయసుకి" అని అడిగింది దీని గురించే అనుకుంటాను. పాటర్‌కి తను ఎవరికి రాస్తోందో తెలుసు, వాడి పేరు తెలుసు, మంచం మీద ఉన్నాడని తెలుసు.

కాగితంపడవ
నేనూ మా పాపకే రాశాను కదండీ! 11 సార్లు వింది!

నిద్రపోనిఅమ్మ
కోపం తెచ్చుకోకండి. మా పెద్దాడు నా కథలన్నీ బాగున్నాయనే అనేవాడు. ఒకరోజు కరెంటు బిల్లు చదివాను, అదే గొంతుతో. అదీ బాగుందన్నాడు. వాడికి కావలసింది కథ కాదు, పక్కన నేను ఉండటం. మన పిల్లలు మనకి పరీక్షపెట్టే పాఠకులు కారు, మన మీద ప్రేమతో అబద్ధం చెప్పేస్తారు.

నేను చేసేది చెప్తాను. నా కథని ఇంకొకరితో చదివిస్తాను, వినేవాళ్ళు నాకు పెద్దగా పరిచయం లేని పిల్లలు అయ్యుండాలి, రాసింది నేనని చెప్పను. వెనక కూర్చుని కాళ్ళు చూస్తాను. మొహాలు కాదు, కాళ్ళు. కథ పట్టుకున్నంతసేపూ కాళ్ళు కదలవు. వదిలేసిన క్షణం ఒకడు పక్కవాడి కాలు తొక్కుతాడు. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెడతాను. అయిపోయాక "నచ్చిందా" అని అడగను, "తర్వాత ఏమైందో మీ అన్నయ్యకి చెప్పాలంటే ఎలా చెప్తావు" అని అడుగుతాను. వాళ్ళు మళ్ళీ చెప్పినప్పుడు వదిలేసిన ముక్కలు సాధారణంగా నేను ఎంతో ముచ్చటపడి రాసినవే ఉంటాయి.

మూడోబెంచి
కరెంటు బిల్లు ఏ వయసు పిల్లలకి?

నవలరాజు
చదివి నవ్వొచ్చింది. పిల్లల కథకి ఇంత బ్రహ్మవిద్య కావాలా? నేను ఒక పెద్ద నవల మొదలుపెట్టాలనుకుంటున్నాను, దానికి ముందు చేయి తిరగడానికి నాలుగైదు పిల్లల కథలు రాసేద్దామని ఈ గ్రూపులో చేరాను. ఒక కుందేలు, ఒక నక్క, చివర ఒక నీతి. సాయంత్రం కూర్చుంటే రెండు అయిపోతాయి.

బొమ్మలబాబాయి
వచ్చాడయ్యా.

వేళ్ళకిసిరా
@నవలరాజు ఒక్కటి చేసి చూడండి. 1960లో అమెరికా పిల్లల రచయిత డాక్టర్ సూస్ తన పబ్లిషర్ బెనెట్ సెర్ఫ్‌తో పందెం కాసి కేవలం 50 వేర్వేరు మాటలతో 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' అనే పుస్తకం మొత్తం రాశాడు. ఆ 50లో ఒక్కటి తప్ప అన్నీ ఒకే పలుకు ఉన్న మాటలు. మీరు పందెం కూడా వద్దు, తెలుగులో 50 మాటలతో, ఒత్తులు లేకుండా, ఆరేళ్ళ పిల్ల రెండోసారి చదవాలనుకునే కథ ఒకటి రాసి ఇక్కడ పెట్టండి. సాయంత్రం చాలదనుకుంటే వారం తీసుకోండి.

నవలరాజు
ఒత్తులు లేకుండా ఎలా వస్తుందండీ, "కుందేలు నక్కతో అన్నది" అంటేనే రెండు ఒత్తులు.

మూడోబెంచి
చూశారా, పిల్లల రచయిత అయిపోయారు, లెక్కపెడుతున్నారు.

రాతిపలక
నవలరాజు మాటల్లో ఒక్కటి మాత్రం తీసిపారేయలేను. నీతి. ఇప్పుడు నీతి అంటేనే ఉలిక్కిపడుతున్నారు. కథ చివర పిల్లవాడికి ఏదో ఒకటి మిగలాలి కదా.

వేళ్ళకిసిరా
మిగలాలి. కానీ చివర్లో "కాబట్టి పిల్లలూ" అని రాస్తే అప్పటిదాకా ఉన్నది ఏదీ మిగలదు, అదొక్కటే మిగులుతుంది. పెద్దవాళ్ళ నవల చివర్లో "కాబట్టి పెద్దలారా" అని ఉంటే మీరు ఊరుకుంటారా?

పెన్సిల్‌చెక్కు
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను. అందరూ వయసు మీద, పేజీల మీద పడ్డారు, ఎడిటర్ గారి రెండో వాక్యం అలాగే వదిలేశారు. నాకు అదే అసలు విషయం అనిపిస్తోంది. తాతయ్య రాకముందు పాప ఏం చేసింది? ఏడ్చింది. వచ్చాక ఏం చేసింది? వింది. పడుకుంది. కథలో చిన్ని చేసిన పని ఏదీ లేదు. కుర్చీని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా తాతయ్య అవే మాటలు చెప్పగలడు.

మూడోబెంచి
ఈ "కుర్చీ" పరీక్ష నేను వాడుకుంటాను. బాగుంది.

పెన్సిల్‌చెక్కు
పిల్లల పుస్తకాల్లో ఇంతమంది అనాథలు, తప్పిపోయినవాళ్ళు, హాస్టల్ పిల్లలు, సెలవులకి పంపించబడ్డవాళ్ళు ఎందుకుంటారు అనుకున్నారు? రచయితలకి తల్లిదండ్రుల మీద పగ కాదు. పెద్దవాళ్ళు గదిలో ఉంటే కథ రెండో పేజీలో అయిపోతుంది, వాళ్ళు తలుపు తీసి లైటు వేసేస్తారు.

మూడోబెంచి
అయితే తాతయ్యని చంపేద్దామా?

కాగితంపడవ
ఛీ! ఆ తాతయ్య మా నాన్న.

మూడోబెంచి
క్షమించండి అండీ. తెలీక అన్నాను.

రాతిపలక
ఇక్కడ మాత్రం నేను పడవ గారి వైపు. పిల్లే అన్నీ తేల్చుకోవాలి, పెద్దవాళ్ళని అవతలకి నెట్టాలి అన్నది కూడా ఒక మూసే. ఐదేళ్ళ పాప నిజంగా చీకట్లో ఏడుస్తుంటే ఎవరో ఒకరు వస్తారు, రావాలి. పిలిస్తే వచ్చే మనిషి ఉన్నాడన్న ధైర్యం పాపకి ఇవ్వడం తక్కువ పనా? ప్రతి పుస్తకంలోనూ పిల్ల ఒంటరిగా రాక్షసుణ్ణి గెలవాలంటే, గెలవలేని పిల్ల ఏమనుకోవాలి? నేను చిన్నప్పుడు భయపడ్డప్పుడు ఎవరూ రాలేదు. నాకు ఆ తాతయ్య కథ ఇష్టం.

నిద్రపోనిఅమ్మ
❤️

పెన్సిల్‌చెక్కు
@రాతిపలక మీరు చెప్పింది కాదనలేను. కాసేపు ఏం రాయాలో తోచలేదు. తాతయ్య రావడం నాకూ అభ్యంతరం కాదు, వచ్చి పేజీలకి పేజీలు మాట్లాడటం అభ్యంతరం. వచ్చి పక్కన కూర్చుని ఏమీ చెప్పకపోతే? పాప అడుగుతుంది, "అక్కడ ఎవరున్నారు?" తాతయ్య "నాకూ కనిపించడం లేదు, నువ్వే చెప్పు" అంటే?

వేళ్ళకిసిరా
అది చాలా బాగుంది. ఇక్కడ అసలు మాట్లాడుతున్నది తాతయ్య కాదని కూడా అనుమానం. మన అందరి కథల్లోనూ ఒక తాతయ్యో, టీచరో, ముసలి తాబేలో ఉంటుంది, సగం కథ అయ్యాక గొంతు సవరించుకుని మొదలుపెడుతుంది. అది మనమే. పాపని ఒంటరిగా వదలలేక మారువేషంలో కథలోకి దిగిపోతాం. నా పాత కథలు తిరగేస్తే ఏడు తాబేళ్ళు దొరికాయి. ఏడు.

బొమ్మలబాబాయి
తాబేళ్ళు వేయడం తేలికే, మాకు ఏం నష్టం లేదు. గుర్రాలు మాత్రం పెట్టకండి. అమెరికాలో బొమ్మలూ కథలూ తనే చేసుకునే మారిస్ సెండాక్ తన 1963 నాటి పుస్తకం 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్'ని ముందు అడవి గుర్రాల కథగా మొదలుపెట్టాడు, తీరా చూస్తే గుర్రాలు వేయడం రాలేదు, అందుకని వాటి బదులు వింత జంతువులు వేశాడు. నా అభిమాన కథ ఇది, చెప్పుకున్న ప్రతిసారీ ధైర్యం వస్తుంది.

మూడోబెంచి
బాబాయికి గుర్రాలు రావని తేలింది.

బొమ్మలబాబాయి
మాకు గుర్రాలు రావు, మీకు మేం గుర్తుకురాం. పిల్లల పుస్తకాలకి ఆండర్సన్ అవార్డు రచయితలకి 1956లో మొదలైతే బొమ్మలవాళ్ళకి 1966లో వచ్చింది. అమెరికాలో పిల్లల రచయితలకిచ్చే న్యూబరీ మెడల్ 1922లో వచ్చింది, మా బొమ్మలవాళ్ళ కాల్డెకాట్ మెడల్ 1938 దాకా రాలేదు. 1971లో అక్కడ పిల్లల రచయితలు ఒక సంఘం పెట్టుకున్నారు, దాని పేరులో ఇలస్ట్రేటర్లు చేరడానికీ ఏళ్ళు పట్టింది. ఇన్ని చెప్పాక గుర్రాల గురించి ఎవరూ నన్ను అనకూడదు.

ఉడతసాయం
ఆ సంఘం లాంటిది మనకి కుదరదా? నేను రెండు గ్రూపుల్లో ఉన్నాను, ఏం పెట్టినా "అద్భుతః", "చాలా బాగుందండి", దండాల బొమ్మలు, అంతే. ఎడిటర్లు వెనక్కి పంపేదాకా తప్పు ఎక్కడో తెలియడం లేదు.

వేళ్ళకిసిరా
పెద్ద సంఘం దాకా వెళ్ళక్కర్లేదు. మేం ఐదుగురం ఉన్నాం, నెలకోసారి కలుస్తాం. మాకు రెండే అలవాట్లు. కథని రాసినవాళ్ళు చదవరు, వేరేవాళ్ళు గట్టిగా చదువుతారు, వాళ్ళ నాలుక ఎక్కడ తట్టుకుంటుందో రాసినవాళ్ళు వింటారు. తర్వాత మిగతావాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ రాసినవాళ్ళు నోరెత్తకూడదు. "అలా కాదండీ, నా ఉద్దేశం ఏంటంటే" అనడానికి వీల్లేదు, ఎందుకంటే పుస్తకంతో పాటు మీరు ప్రతి ఇంటికీ వెళ్ళి ఉద్దేశం చెప్పలేరు. మొదటి మూడు నెలలు నరకం. ఒకావిడ ఏడ్చి వెళ్ళిపోయింది, రెండు నెలలకి తిరిగొచ్చింది, ఇప్పుడు మా అందరికన్నా ఆవిడే కఠినం.

పెన్సిల్‌చెక్కు
మా గ్రూపులో ఇంకోటి కూడా ఉంది, "బాగాలేదు" అనకూడదు, "ఇక్కడ నా దృష్టి పోయింది" అనాలి. మొదటిది తీర్పు, వాదించొచ్చు. రెండోది వార్త, వార్తతో ఎవరు వాదిస్తారు.

రాతిపలక
నేను వాదిస్తాను.

మూడోబెంచి
😂😂

నిద్రపోనిఅమ్మ
పిల్లల మాటలు వినే అలవాటు కూడా ఉండాలి, అది ఏ గ్రూపూ నేర్పదు. రష్యాలో చుకోవ్‌స్కీ అనే పిల్లల రచయిత చిన్నపిల్లల మాటలు ఏళ్ళ తరబడి రాసిపెట్టుకుని వాటి మీదే ఒక పుస్తకం వేశాడు. నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మా చిన్నది మొన్న లైటు ఆపితే "అమ్మా, గది ఎక్కడికి వెళ్ళింది" అంది. నా నలభై ఏళ్ళ బుర్రతో కూర్చుని ఆలోచిస్తే ఆ వాక్యం వస్తుందా?

కాగితంపడవ
రెండు రోజులు ఇటు రాలేదు. నిజం చెప్పాలంటే మొదటి రోజు అందరి మీదా కోపం వచ్చింది, గ్రూపు నుంచి వెళ్ళిపోదామనుకున్నాను. తర్వాత బాబాయి చెప్పినట్టు ఎనిమిది కాగితాలు కుట్టాను. తాతయ్య మాటలు ఐదో పేజీలో మొదలై ఇరవై రెండో పేజీ దాకా ఉన్నాయి. నేనే అతికించాను కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

మా పాపని మళ్ళీ అడిగాను, నిద్రపోనిఅమ్మ గారు చెప్పినట్టు, నచ్చిందా అని కాదు, ఈ కథని నీ ఫ్రెండుకి ఎలా చెప్తావు అని. "ఒక పాప ఉంది, టార్చి పోయింది, అయిపోయింది" అంది. మరి తాతయ్య ఏం చెప్పాడు అంటే "చాలా చెప్పాడు" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నిద్రపోనిఅమ్మ
"చాలా చెప్పాడు" 😭 ఇంతకన్నా మంచి సమీక్ష రాదండీ.

కాగితంపడవ
మొత్తం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. నిద్రపోనిఅమ్మ గారి చిన్నమ్మాయి వాక్యం అప్పు అడుగుతున్నాను, ఇవ్వకపోతే తీసేస్తాను. ఇది మొదటి ముక్క:

"టార్చి ఆరిపోయింది.
గది ఎక్కడికో వెళ్ళిపోయింది.
చిన్ని చెయ్యి చాపింది. గోడ దొరికింది. గోడ వెళ్ళలేదు.
ఇంకొంచెం చాపింది. తలుపు దొరికింది. తలుపూ వెళ్ళలేదు.
ఇంకొంచెం చాపింది. ఏదో మెత్తగా దొరికింది.
అది గుర్రు పెట్టింది."

ఆ మెత్తనిది తాతయ్య బొజ్జ. ఈసారి పాపే వెతుక్కుంటూ ఆయన దగ్గరికి వెళ్తుంది. ఆయన నిద్రలోనే ఉంటాడు, చివరిదాకా ఒక్క మాట మాట్లాడడు. ఇప్పటికి 190 మాటలు అయ్యాయి. వయసు 3 నుంచి 6 అని రాశాను.

నిద్రపోనిఅమ్మ
వాక్యం మా చిన్నదానిది, అడిగాను. పుస్తకం వస్తే ఒకటి తనకి కావాలట, పాప పేరు మాత్రం మార్చాలట.

పెన్సిల్‌చెక్కు
"గోడ వెళ్ళలేదు" దగ్గర నా దృష్టి ఎటూ పోలేదు.

రాతిపలక
మాట్లాడకపోయినా ఉన్నాడు కదా. సరే. నాకు గుడ్లగూబ మాత్రం బాగుండేది.

వేళ్ళకిసిరా
ఐదో వరసలో మూడోసారి "చాపింది" వస్తోంది, అది ఉంచండి, ఎవరు తీసేయమన్నా తీయకండి. నాలుగేళ్ళవాళ్ళు ఆ మాట మీతో కలిసి అంటారు. "గుర్రు పెట్టింది" ముందు పేజీ మారాలి.

బొమ్మలబాబాయి
ఆ పేజీ మారేచోట రెండు వైపులా మొత్తం నలుపు వేస్తాను, ఒక చిన్న చెయ్యి మాత్రం తెల్లగా. మాటలు వద్దు. దుప్పటి ఏ రంగో రాశారా?

కాగితంపడవ
రాయలేదు బాబాయి గారూ.

బొమ్మలబాబాయి
హమ్మయ్య.

నవలరాజు
వారం అయింది. ఒత్తులు లేకుండా 50 మాటల్లో పదకొండు వాక్యాలు రాశాను, నక్క పోయింది, కుందేలు పోయింది, ఒక మేక మిగిలింది. కొత్త థ్రెడ్‌లో పెడుతున్నాను, దయచేసి దండాల బొమ్మలు పెట్టకండి.

దారితప్పినవాడు
ఇప్పుడే చేరాను, మొత్తం చదివే ఓపిక లేదు. ఇంతకీ తాతయ్య బతికే ఉన్నాడా?